నవ్వు తీసేసిన పాటలు

మాధవయ్య క్యాసెట్ల అంగడి మెట్లు దిగి వచ్చి, నంద్యాల బస్టాండులో నీళ్ల కొళాయి పక్కన కూలబడిన లూదియాను పోయిన వారం అక్కడే వదిలేసి వచ్చాం. మనిషి ఇంకా అక్కడే ఉంది. చెంగున కట్టుకొచ్చిన సంగటి ముద్ద విప్పనే లేదు. తోడు వచ్చిన హన్నమ్మ మాత్రం తన ముద్ద తిని, చేయి కడుక్కొని, ఆళ్లగడ్డ బస్సు ఎప్పుడని నలుగురిని అడిగి వచ్చింది.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి.

లూదియాది గోస్పాడు దగ్గర ఒక పల్లె. కూలి పని. మొగుడు దేవదానం ఆళ్లగడ్డలో రాళ్ల లారీ మీద నుంచి పడి, నడుము పోగొట్టుకొని, మూడేళ్లు మంచానికి అంటుకుపోయాడు. పొద్దంతా గడప అవతల ఏం జరిగిందో తెలియని మనిషి. పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని, అతని మంచం పట్టె మీద కూర్చొని, ఆ రోజు చూసినదంతా పాట కట్టి చెప్పేది లూదియా. ఎవరి చేలో కలుపు తీశారు, ఎవరి పాడి ఎనుము తాడు తెంచుకుంది, ఎవరు ఎవరిని ఏమని తిట్టారు. వినేవాడు జానెడు దూరంలో ఉన్నాడు కాబట్టి గొంతు ఎత్తాల్సిన పని లేదు. ఎక్కడికీ పోయేవాడు కాదు కాబట్టి తొందరా లేదు. పాట నిదానంగా సాగేది. అయ్యేసరికి అతను నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే ఆ పాటలు.

బడిపంతులు జ్ఞానప్రకాశం ఒక వేసవి మధ్యాహ్నం తలుపుకు బొంత అడ్డం కట్టి, మంచం పక్కన టేపురికార్డరు పెట్టి ఆ పాటలు పట్టాడు. ఆ ఏడు క్రిస్మసు చూడకుండానే దేవదానం పోయాడు. అతనికి ఒక్క ఫోటో కూడా లేదు. మొన్న ఈస్టరు అయ్యాక, మాధవయ్య అంగడి నుంచి 'ఈ పూట ముచ్చట' అనే పేరుతో ఆ పాటల క్యాసెట్టు బయటికి వచ్చింది. ఆళ్లగడ్డ సంజీవయ్య సారు దాన్ని పత్రికలో మెచ్చుకుంటూ రాశాడు. ఆ మెచ్చుకోలే కొంప ముంచింది. భర్తను మట్టికిచ్చిన ఇల్లాలి శోకం అని రాశాడాయన. మైక్ సెట్టు వాళ్లు అది చదివి, చావు ఇళ్లలో పెట్టడానికి కొనుక్కుపోయారు. చావు ఇంట్లో మోగిన క్యాసెట్టును ఏ ఇల్లూ ఉంచుకోలేదు.

పోయిన వారం కథలో, మాధవయ్య అంగడిలో లూదియా తన క్యాసెట్టును మొదటిసారి చివరిదాకా విన్నది. పాట అయిన ప్రతిచోటా మొగుని నవ్వు కోసం చెవి ఒగ్గింది. ఒక్కచోట కూడా రాలేదు. "ఆడమనిషి పాటలో మొగోని నగు ఏందని మాధవయ్య అన్యాడు. నేనే తీసేసినా" అని జ్ఞానప్రకాశం తల దించుకున్నాడు. నవ్వు ఉన్న అసలు టేపు లోకంలో ఒక్కటే ఉంది. పత్రికకు రాయడానికి కావాలంటే సంజీవయ్య సారుకు పంపాడట. మళ్లీ తెచ్చుకోలేదట.

దాన్ని తెచ్చుకోవడానికే ఈ ప్రయాణం.

బస్సులో హన్నమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నాట్ల ముఠాకు ఆమే పెద్ద, అందరూ పెద్దక్క అంటారు. లూదియా కంటే పదేండ్లు పైన ఉంటాయి. సిరివెళ్ల దాటేదాకా ఊరుకొని, అప్పుడు మొదలుపెట్టింది.

"నేనెందుకు వచ్చినానో తెల్సునా మే నీకు?"

"నాకు తోడు."

"తోడూ లేదు, గీడూ లేదు. నా ఎనుము కోసరం వచ్చినా."

లూదియా ముఖం తిప్పి చూసింది.

"నగాకు. నిజమే చెప్తాండా. నా ఎనుము చర్చిలో దూరితే నువ్వు పాట కట్టినావు. ఊరంతా నగినారు. ఇప్పుడేమాయ? మొన్న మా తమ్ముని ఊర్లో ఒకాయప్ప చచ్చిపోతే ఆ పాటే పెట్టినారు. జనమంతా ఏడుస్తాండారు. నాకు నగొస్తాంది. కొంగు నోట్లో కుక్కుకొని వంగిపోతి. అందరికంటే నేనే ఎక్కువ ఏడుస్తాండానని మా మరదలు వీపు నిమిరింది."

లూదియాకు నవ్వు రాలేదు. ఆమె నవ్వాలనే హన్నమ్మ చెప్పింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కాలువ కింద మళ్లలో నాట్లు జోరుగా సాగుతున్న రోజులు. కిటికీలోంచి చూస్తే ప్రతి మడిలోనూ నడుములు వంచిన ఆడవాళ్లు. ఇరవై ఏండ్ల నుంచి ఆ వంగిన నడుముల నడుమ నిలబడి మొదటి పాట ఎత్తింది లూదియా. ఈ ఏడు మొదటి దినమే రైతు గట్టు మీద నిలబడి చెప్పాడు. పనికి వస్తే రానీ, నోరు మాత్రం తెరవొద్దు, చావు గొంతు పడితే పైరు ఎర్రబడతాదని. ముఠాలో పద్దెనిమిది మంది. ఒక్కరు కూడా ఎదురు మాట్లాడలేదు. హన్నమ్మ కూడా మాట్లాడలేదు. అందుకే ఈ రోజు కూలి పోగొట్టుకొని బస్సెక్కింది.

"పాట లేక నాటు సాగడంల్యా మే," అంది హన్నమ్మ, ఈసారి మెల్లగా. "నారు పట్టుకొని ఒకరి మొగం ఒకరు చూసుకుంటాండాము. ఆ టేపు తెచ్చుకో. రైతు ముందర పెడదాం. చావు పాటలో మొగుడు కూకోని నగుతాడా అని అడుగుదాం."

లూదియా తల ఊపింది. రైతుకు వినిపించడం తరువాతి మాట. మొదట తను వినాలి. మొగుని ముఖం ఇంకా గుర్తుంది. గొంతు మాత్రం మొన్నటి నుంచి జారిపోతోంది. ఆ నవ్వు ఎట్లా మొదలయ్యేదో గుర్తుంది. దగ్గు లాగా వచ్చేది. ఆ తరువాత ఎట్లా పోయేదో, ఎక్కడ ఆగేదో ఎంత గింజుకున్నా చిక్కడం లేదు. ఇంట్లో అటక మీద పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. మూడో దినం ఇల్లు కడిగి, పోయినవాళ్ల చాపా దిండూ బయట పారేసేటప్పుడు, క్యాసెట్టు కూడా పారేస్తున్నారు జనం. తెలిసినవాళ్లు పారేయకుండా తెచ్చి ఆమె గడప ముందు పెట్టి, పిలవకుండా పోతున్నారు. పదకొండింటిలోనూ ఆమె గొంతే ఉంది. అతను ఒక్కదాంట్లోనూ లేడు.

ఆళ్లగడ్డలో దిగేసరికి పన్నెండు దాటింది. ఆ ఊరికి ఎప్పుడు వచ్చినా మొదట చెవికి తగిలేది ఉలి దెబ్బ. రోడ్డు పక్క షెడ్లలో సగం చెక్కిన దేవుళ్లు, వాళ్ల చుట్టూ తెల్లటి రాతి దుమ్ము, టకటకమని పొద్దంతా ఒకటే మోత. ఈ రోజు ఆ మోత లేదు. చెక్కేవాళ్లు ఉలులు పక్కన పెట్టి, బీడీలు తాగుతూ కూర్చున్నారు.

"ఏందప్పా, పండగా?" అని అడిగింది హన్నమ్మ.

"పెద్ద షెడ్డు రంగయ్య పోయినాడక్కా. శవం లేచేదాకా రాయి మీద దెబ్బ పడకూడదు."

సంజీవయ్య సారు ఇల్లు ఆ షెడ్ల వెనక వీధిలో. రిటైరైన హెడ్మాస్టరు. వసారాలో పడక కుర్చీ, దాని పక్కన స్టూలు మీద పుస్తకాలు, గోడకు బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు. అరవై దాటిన మనిషి, శుభ్రమైన తెల్ల పంచె.

"వందనాలు సారూ. నేను లూదియాను. క్యాసెట్టు లూదియాను."

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. ముఖం వెలిగిపోయింది.

"నువ్వేనా? రా తల్లీ, రా. ప్రసన్నా, ఎవరొచ్చినారో చూడు."

లోపలి నుంచి ఆయన భార్య ప్రసన్నకుమారి వచ్చింది. గడప దాటలేదు. రెండు చేతులూ ద్వారబంధానికి అటొకటి ఇటొకటి ఆనించి నిలబడింది. దారి మూసినట్టూ ఉంది, ఊరికే నిలబడినట్టూ ఉంది.

"ఈడ్నే కూర్చోండమ్మా, గాలి వస్తాది. లోపల మా పాప కానుపుకు వచ్చినాది. నెలలు నిండినాయి. ఏమనుకోవద్దు."

"అనుకొనేదేముండాది," అంది హన్నమ్మ, వసారా మెట్టు మీద చతికిలబడుతూ. "భయపడాకండి. ఈమె నోరు తెరిస్తే ఇంతవరకు ఎవురూ చావలేదు. చచ్చినాకనే తెరిపిస్తాండారు."

ప్రసన్నకుమారి ముఖం ఎర్రబడింది గానీ చేతులు దించలేదు.

సారు ఆ మాట వినిపించుకోలేదు. స్టూలు కింద నుంచి రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట తీశాడు. "చూడు లూదియా. నేను రాసిన దానికి నలభై రెండు కార్డులు వచ్చినాయి. ముప్పై ఏండ్లుగా రాస్తాండా. దేనికీ ఇన్ని రాలేదు. వినుకో." ఒక కార్డు తీసి చదివాడు. కోవెలకుంట్ల నుంచి ఎవరో ఆమె. మా మరిది పోయిన దినం ఈ పాటలు పెట్టినాము, రాయిలాంటి మా మామ కూడా ఏడ్చినాడు, ఆ తల్లికి వందనాలు చెప్పండి. ఇంకొకటి బనగానపల్లె నుంచి. మా ఊర్లో ఇప్పుడు ఈ క్యాసెట్టు లేకుండా శవం లేవడం లేదు.

చదివి ఆయన మెచ్చుకోలు కోసం తల ఎత్తాడు.

లూదియా రవికలోంచి మడత పెట్టిన పత్రిక ముక్క తీసింది. ఆమెకు చదువు రాదు. జ్ఞానప్రకాశం రెండుసార్లు చదివి వినిపించాడు, చర్చిలో ఒకసారి, ఇంటి దగ్గర ఒకసారి. చర్చిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆమె కూడా సంతోషపడింది. ఇప్పుడది ఆమెకు కంఠతా వచ్చు.

"సారూ, మీరు రాసినారు. ఆరిపోయిన పొయ్యి పక్కన కూర్చొని ఒంటరి ఇల్లాలు గొంతు విప్పిందని. అవునా?"

"అవును."

"వెనకాల గుండె అదిరినట్టు ఒక సన్నని చప్పుడు వినపడుతూ ఉంటుందని, అది మనిషి లోపలి చప్పుడని రాసినారు."

"అవును. చాలామందికి ఆ మాట నచ్చింది."

"అది ఉలవల కుండ మూత సారూ. ఉడుకుతా ఎగురుతాంది. పొయ్యి ఆరలేదు. ఆ పొద్దు నేను ఒంటరిగా లేను."

సారు చేతిలోని కార్డును మళ్లీ కట్టలో దోపాడు.

"మీకు జ్ఞానప్రకాశం సారు ఇచ్చిన టేపులో నగు ఉండాది. ప్రతి పాట అయినాక మొగోని నగు. ఇన్యారా లేదా?"

సారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు.

"ఇన్యా."

"ఎవరిదనుకున్యారు?"

"పక్కన ఎవరో ఉన్యారనుకున్యా."

"నా మొగుడు సారూ. ఆయప్పకు చెప్పిన పాటలే అవి. మంచం మీద పండుకొని ఉన్యాడు, నేను పట్టె మీద కూకోని ఉన్యా. బతికుండే మనిషికి ఆ పూట ముచ్చట చెప్పినా. ఆయప్పను మట్టికిచ్చి ఏడ్చినానని మీరు రాసినారు. నేను పాడేనాటికి ఆయప్ప నగుతాండాడు."

"విధవరాలి పాటలని జ్ఞానప్రకాశం చీటీ రాసి పంపినాడు."

"ఆ చీటీ రాసే పొద్దుకు విధవరాలినే. పాడే పొద్దుకు కాదు. నగు ఇన్యారు కదా సారూ, ఒక్క ముక్క రాసి ఉండకూడదా, వెనకాల ఎవరో నగుతాండారు అని?"

సంజీవయ్య సారు అబద్ధం ఆడే మనిషి కాదు. ఆడి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

"నగు వచ్చిన చోటంతా బటను నొక్కి ముందుకు జరిపినా," అన్నాడు. "మా అమ్మ పోయినప్పుడు నేను గుంటూరులో ట్రైనింగులో ఉన్యా. నేను వచ్చేలోపు మట్టి చేసేసినారు. కండ్లలో నీళ్లు రాలేదు లూదియా. ముప్పై నాలుగేండ్లు రాలేదు. నీ పాట విన్న పొద్దు వచ్చినాయి. ఆ గొంతులో ఏముందో నాకు తెలీదు. నగు వచ్చినప్పుడల్లా ఏడుపు ఆగిపోతాంది. అందుకని జరుపుతా వచ్చినా."

గడపలో నిలబడిన ప్రసన్నకుమారి భర్త వైపు చూసింది. ఆ మాట ఆమెకూ కొత్తే అయినట్టుంది.

లూదియా పత్రిక ముక్కను మళ్లీ నాలుగు మడతలు పెట్టింది. ఆమెకు జాలి కలిగింది. ఆ జాలి కలిగినందుకు ఇంకా కోపం వచ్చింది.

"మీ అమ్మ కోసం ఏడ్వాలంటే మీరు ఏడ్చుకోవల్ల సారూ. నా మొగుని నగు తోసేసి ఏడిస్తే ఎట్ల?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇప్పుడు రాయండి," అంది లూదియా. "తప్పు రాసినా, అవి చావు పాటలు కాదు, ఎనుము పాట, కలుపు పాట, చీపురు కోసం ఇద్దరు తోడికోడండ్లు కొట్టుకున్న పాట అని రాయండి. నన్ను మడిలో నోరు తెరవనీయడంల్యా. నిండు కడుపు ఇంట్లోకి రానీయడంల్యా."

ద్వారబంధం మీది చేతులు కొంచెం కదిలాయి.

"రాయొచ్చు," అన్నాడు సారు. "రాస్తే ఈ నలభై రెండు మందికి ఏం చెప్పల్ల? మీరు ఏడ్చింది ఎనుము పాటకు అని చెప్పేదా? తమ్ముడు పోయి ఏడ్చినోడు నన్ను క్షమిస్తాడా? ముప్పై ఏండ్ల నా పేరు ఏమైతాది? ఒకసారి జనం అట్ల విన్యాక, అదే దాని అర్థం లూదియా. పాడినోళ్ల చేతిలో ఉండదు."

"మరి ఎవరి చేతిలో ఉంటాది? మీ బటన్లోనా?" అంది హన్నమ్మ.

"నలభై రెండు కాదు," అంది ప్రసన్నకుమారి ఉన్నట్టుండి. "నలభై ఒకటి."

సారు తల తిప్పాడు. ఆమె మొదటిసారి ద్వారబంధం వదిలి వసారాలోకి వచ్చి, కార్డుల కట్ట ఆయన చేతిలోంచి తీసుకొని, అడుగున ఉన్న కార్డు లాగింది.

"ఇది నువ్వు చదివి వినిపించవు కదా. నేను చదువుతా." కార్డు దూరంగా పట్టుకొని చదివింది. "అహోబిలం నుంచి మహానందమ్మ రాయించేది. కాళ్లు రాక ఆరేండ్ల నుంచి మంచంలో ఉన్నాను. పక్కింట్లో చావుకు తెచ్చిన క్యాసెట్టు విన్నాను. ఎనుము ఆమెన్ అనే కాడ నేను నగినాను. చావు పాటకు నగినావని మా కోడలు తిట్టింది. నాకు దూరం నుంచి మాట సరిగా వినపడి ఉండదని అంటుంది. నాకు బాగానే వినపడింది. నగడం తప్పా అని ఆ పాడినామెను అడిగి రాయగలరు."

"మతి తప్పిన ముసలామె," అని గొణిగాడు సారు.

లూదియా చేయి చాచింది. ప్రసన్నకుమారి కార్డు ఇచ్చింది. అక్షరాలు తెలియకపోయినా లూదియా ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. మంచంలో పడి ఉన్న మనిషి. నవ్విన మనిషి. ఊర్లన్నీ విన్న పాటను సరిగ్గా విన్నది మళ్లీ ఒక మంచమే. కార్డును పత్రిక ముక్క పక్కన రవికలో పెట్టుకుంది.

"రాయకపోతే మానె సారూ. నా టేపు ఇయ్యండి, పోతాము."

సంజీవయ్య సారు భార్య వైపు చూశాడు. ఆమె నేల చూసింది. ఆ చూపుల్లోనే ఏదో ఉందని హన్నమ్మకు ముందు తెలిసి, మెట్టు మీద నుంచి లేచి నిలబడింది.

"ఏందీ? యాడుండాది టేపు?"

"ఇంట్లో ఉంచొద్దని నేనే అన్యా," అంది ప్రసన్నకుమారి. "పాప వచ్చిన దినం నుంచి చెప్తాండా. చావు ఇంటి క్యాసెట్టు నిండు కడుపు ఇంట్లో వద్దని."

లూదియా సారు ముఖంలోకి చూసింది. "మీరు రాసినారు, మన ఆడవాళ్ల గుండె చప్పుడని. అది మీ ఇంట్లోనే ఉండకూడదా?"

"పొద్దున మత్తయి వచ్చినాడు," అన్నాడు ఆయన, పంచె కొస నలుపుతూ. "మైక్ సెట్టు మత్తయి. రంగయ్య ఇంటికాడ పెట్టేదానికి వాని దగ్గరుండే క్యాసెట్టు మిషన్లో చిక్కుకొని తెగిపోయిందంట. మీ దగ్గర ఉందంట కదా సారూ అన్యాడు. ఇచ్చినా."

"యా టేపు ఇచ్చినావయ్యా?" అంది హన్నమ్మ. గారు పోయింది, సారు పోయింది. "అంగట్లోదా, అసలుదా?"

"నా దగ్గర ఉన్యది అదొక్కటే."

లూదియాకు అర్థమయ్యేలోపే ఊరికి వినపడింది. షెడ్ల అవతలి నుంచి గరగరమని మైకు మేలుకుంది. మత్తయి రెండుసార్లు ఊది చూశాడు. ఆ తరువాత ఉలి మోత లేని ఆళ్లగడ్డ మీద, కప్పుల మీదుగా, లూదియా గొంతు పరుచుకుంది. గంపంత మైకు మూతిలో మాటలు నలిగి, ఒక పొడుగాటి నిదానమైన స్వరమే మిగిలింది. కానీ ఆమెకు ప్రతి మాటా తెలుసు.

పెద్దక్క ఎనుము తాడు తెంచుకున్యాది,
చర్చిలో దూరి చాప మీద పండుకున్యాది,
అయ్యగారి ప్రార్థన ముగియలేదు,
ఎనుము ఆమెన్ అనేదాకా లేయలేదు.

దూరంగా రంగయ్య ఇంటి ముందు ఆడవాళ్ల ఏడుపు పెరిగింది. ఎవరో పేరు పెట్టి పిలిచి ఏడుస్తున్నారు. లూదియా వసారా గుంజ పట్టుకొని నిలబడింది. ఉలవల కుండ మూత ఎగురుతున్న చప్పుడు కూడా వినపడింది, ఊరంత పెద్దదిగా. చివరి మాట సాగి సాగి ఆగింది.

మొదట దగ్గు లాగా వచ్చింది.

తరువాత అది దగ్గు కాదని ఊరికి తెలిసింది. లోపల ఎక్కడో మొదలై, ఊపిరి చాలక ఆగి, మళ్లీ అందుకొని, ఆపుకోలేక పగిలి, ఒక మగవాడి నవ్వు ఆళ్లగడ్డ కప్పులన్నిటి మీద పడింది. లూదియాకు ఇప్పుడు గుర్తొచ్చింది. అవును, ఇక్కడ ఎగపీల్చేవాడు. ఇక్కడ మంచం పట్టె కొట్టేవాడు. అదుగో, కొట్టాడు. ఆమె పెదవులు వాటంతటవే కదిలాయి, తరువాత వచ్చేదానికి ముందే.

"ఇంకోటి చెప్పు లూదీ."

మైకులో ఆ మాట స్పష్టంగా వచ్చింది. ఏ ఊరి మైకులోనూ ఏ పాటకూ రానంత స్పష్టంగా. వెంటనే కీచుమని చెవులు చిల్లులు పడే చప్పుడు. ఆ తరువాత ఏమీ లేదు. ఏడుపు కూడా లేదు. ఒక్క క్షణం కన్నా ఎక్కువ లేదు ఆ నిశ్శబ్దం. దాని వెనకే మగవాళ్ల కేకలు.

"పరిగెత్తు మే," అంది హన్నమ్మ.

చెప్పులు వసారాలోనే ఉండిపోయాయి. రాతి దుమ్ము, ఉలికి రాలిన పెచ్చులు, వాటి మీద వట్టి కాళ్లు. సగం చెక్కిన దేవుళ్ల నడుమ నుంచి అడ్డంగా పడి పరిగెత్తింది లూదియా. చెక్కేవాళ్లు లేచి నిలబడి చూస్తున్నారు. వెనక హన్నమ్మ రొప్పు వినపడుతోంది.

రంగయ్య ఇంటి ముందు జనం విడిపోయి ఉన్నారు. పాడె దించే ఉంది. మత్తయి చొక్కా చిరిగి, మైకు ఆటో చక్రం పక్కన కూర్చొని చేతులు జోడిస్తున్నాడు. ఏం మాట్లాడుతున్నాడో ఎవరూ వినడం లేదు. నడివాకిట్లో, తడి పంచెతో, గుండు చేయించుకొని నిలబడ్డాడు రంగయ్య పెద్ద కొడుకు. అతని ముందు నిప్పుల కుండ. అతని ఎడమ చేతిలో క్యాసెట్టు. కుడి చేతిలో దాని లోపలి టేపు, బారెడు, రెండు బారలు, నల్లగా మెరుస్తూ, మోచేతికి చుట్టుకొని నిప్పుల మీదకు వేలాడుతోంది. కొస వేడికి అప్పుడే ముడుచుకుంటోంది.

"మా నాయన శవం ముందర నగినోడు ఎవడు?" అతను అరవడం లేదు. మెల్లగానే అడుగుతున్నాడు, అందుకే అందరూ భయపడుతున్నారు. "వాడెవడో వాన్ని తెచ్చి నా ముందర నిలబెట్టండి. లేకపోతే దీనితోనే మా నాయనకు నిప్పు పెడతా."

జనం ఒకరినొకరు చూసుకున్నారు. లూదియా వాళ్ల నడుమ నుంచి ముందుకు వచ్చింది. పాదం తెగి రక్తం కారుతోంది. ఊపిరి అందడం లేదు. ఆమె ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. గొంతు విప్పితే మాత్రం తెలుస్తుంది.

"నగినాయప్ప యాడ్నుంచి వస్తాడు నాయనా," అంది. "నీ చేతిలో ఉండాడు."

నిప్పుల మీద అతని చేయి ఆగింది. పైకీ పోలేదు, కిందికీ రాలేదు.